కంకర బాటకు కొత్త సైకిలు



సైకిలు మీ అందరికీ తెలుసు. కంకర బాటలో అది ఎట్లా జారుతుందో కూడా తెలుసు. సన్న టైరు రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. దిగి తోసుకుంటూ పోవాలి. అట్లాంటి బాటల కోసమే ఒక సైకిలు తయారైంది. దాన్ని మౌంటెన్ బైక్ అంటారు. కొండ సైకిలు అన్నమాట. దాని కథ వినండి.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన టమల్‌పాయిస్ అనే కొండ ఉంది. 1970 తర్వాత కొందరు కుర్రవాళ్ళు ఆ కొండ బాటల్లో సైకిళ్ళు తొక్కేవాళ్ళు. అవి కొత్తవి కావు. ముప్పై, నలభై ఏళ్ళ నాటి పాత సైకిళ్ళు. కాకపోతే వాటి టైర్లు లావు. అందుకే రాళ్ళ మీద నిలిచేవి. బరువేమో దాదాపు 20 కిలోలు! తోసుకుంటూనో, ట్రక్కులో వేసుకునో పైకి చేర్చేవాళ్ళు. తర్వాత ఎక్కి కిందికి దిగేవాళ్ళు. పేరుకే కొండ ఎక్కే సైకిలు, మొదట్లో అది కొండ దిగే సైకిలే.

దిగటంలోనే ఉంది చిక్కు. బ్రేకు వెనక చక్రం ఇరుసులో ఉండేది. పెడలు వెనక్కి తొక్కితే చక్రం ఆగేది. బాట చూస్తే నిటారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 400 మీటర్లు కిందికి దిగాలి. అడుగుకు చేరేసరికి ఇరుసు కాలిపోయేది. లోపలి గ్రీజు పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరాల్సిందే. అట్లా మళ్ళీ కూరటాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు. ఆ బాటకు అదే పేరు పడింది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం జరిగింది. వెండీ క్రాగ్ అనే స్త్రీ కూడా ఆ కొండ బాటల్లో తొక్కింది. ఫోటోలు కూడా తీసింది. ఆనాటి సంగతులు ఆమె ఫోటోల వల్లే చాలావరకు మిగిలాయి.

బ్రేకు తప్పితే ప్రాణానికే ముప్పు. అందుకే గ్యారీ ఫిషర్ అనే అతను పాత సైకిలుకు గట్టి చేతిబ్రేకులు, గేర్లు బిగించాడు. 1977లో జో బ్రీజ్ ఇంకో అడుగు వేశాడు. ఉక్కు గొట్టాలు అతికి, ఆ బాటల కోసమే కొత్త ఫ్రేము చేశాడు. 1996లో కొండ సైకిలు పందెం ఒలింపిక్స్‌కు చేరింది. ఆడవాళ్ళకూ అదే ఏడాది పందెం పెట్టారు. ఇటలీకి చెందిన పావొలా పెజ్జో గెలిచింది.

మరి గేర్లు ఎందుకు? వెనక చక్రానికి చిన్నవి, పెద్దవి పళ్ళ చక్రాలు ఉంటాయి. చైను పెద్దదాని మీదికి వస్తే తొక్కుడు తేలికవుతుంది. సైకిలు మెల్లగా పోతుంది గానీ ఎత్తు ఎక్కుతుంది.

కంకరలో టైరుకు గాలి కాస్త తక్కువే మేలు. రాళ్ళను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు నలిగి చిల్లు పడుతుంది. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకండి. ముందు చక్రం జారితే పడటమే! రెండూ మెల్లగా పట్టాలి. అదీ మలుపు రాకముందే. మోచేతులు బిగబట్టకూడదు. చక్రం కింది రాయిని కాదు, ముందున్న బాటను చూడాలి.

కొత్తగా బిగించిన సైకిలు మొదటిరోజు బాగానే పోతుంది. నాలుగు రోజులు కంకరలో తిరిగాక బ్రేకు తీగలు వదులవుతాయి. చక్రం పుల్లలు, నట్లు కూడా సడలుతాయి. అప్పుడు తప్పకుండా మళ్ళీ బిగించాలి. కొండ దిగబోయే ముందు బ్రేకులు రెండూ ఒకసారి నొక్కి చూసుకోవాలి.