అడవి అంటుకుంటే కబురు ఎవరికి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి పట్టాలు అందుకుంటున్న మీకు, పనులు మానుకొని వచ్చిన మీ అమ్మానాన్నలకు అభినందనలు.

ఈ రోజు మన నల్లమల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడ ఆకు రాలి, గడ్డి ఎండి ఉంటుంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టినా, శ్రీశైలం దారిలో ఎవరో బీడీ ముక్క విసిరినా చాలు, అంటుకుంటుంది. అమ్రాబాద్ అడవిలో మంట లేస్తే ఉపగ్రహం పసిగడుతుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ, పేరు నమోదు చేసుకున్నవారికి ఎస్సెమ్మెస్, ఈమెయిల్ పంపుతుంది. మంచి ఏర్పాటే. కానీ ఆ ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లే మన మీదుగా వెళ్తాయి. ఆలోగా గాలి ఆగదు కదా! పైగా కబురు చేరేది ఎక్కువగా అధికారుల ఫోన్లకే. లోపలి పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, సిగ్నల్ అందని వాళ్లకు చెప్పేదెవరు? నిప్పుకు అందరికన్నా దగ్గరగా ఉన్నవాళ్లకు అందరికన్నా ఆలస్యంగా తెలియడం అన్యాయం.

డబ్బూ ఇంటర్నెట్టూ ఉన్న ఆస్ట్రేలియాలోనూ ఇదే జరిగింది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చులకు 173 మంది బలయ్యారు. చాలా ఊళ్లకు హెచ్చరిక సకాలంలో అందలేదని విచారణ కమిషన్ తేల్చింది. నిప్పుకే కాదు, నీటికీ ఇదే మాట. అదే ఏడాది అక్టోబరులో మన అలంపూర్ వరదలో మునిగింది. నది ఒడ్డున ఉన్న మనిషికి లక్షల క్యూసెక్కుల లెక్క చెబితే ఏం తెలుస్తుంది? నీళ్లు ఏ వీధి దాకా వస్తాయి, పిల్లల్ని, గొడ్లను ఎటు తోలుకుపోవాలి? ఆ మాట చెప్పాలి.

2023లో విపత్తు హెచ్చరికను పరీక్షించడానికి మనలో చాలామంది ఫోన్లు ఒక్కసారి గట్టిగా మోగాయి, గుర్తుందా? ఆ హెచ్చరికకు ఇంటర్నెట్ అక్కర్లేదు. టవర్ మాత్రం కావాలి. టవర్ లేని చోట డప్పు చాటింపే దిక్కు. దాన్ని పాతకాలపుదని పక్కన పెట్టకండి.

కంప్యూటర్ చదివినవాళ్లు హెచ్చరిక యాప్ చేస్తే, ముందు సిగ్నల్ లేని పెంటలో పరీక్షించండి. వచ్చే ఫిబ్రవరికి ముందే అమ్రాబాద్ అడవిలోని మన్ననూరు, వటవర్లపల్లి వెళ్లి ఫైర్ వాచర్ల దగ్గర కూర్చోండి. వాళ్లలో చెంచులున్నారు, దారులన్నీ తెలిసినవాళ్లు. వాకీటాకీ ఎక్కడి దాకా అందుతుందో, అది అందని చోటికి కబురు మోసుకెళ్లేది ఎవరో అడిగి, పెంట పెంటకూ రాసుకొని, ఆ కాగితం కలెక్టర్ గారికి ఇవ్వండి.