మన లైబ్రరీ చప్పుళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లైబ్రరీ ఆధునికీకరణ గురించి మాట్లాడమన్నారు. ఇంజినీరు కదా, అంచనాలూ కొలతలూ చెబుతాడని అనుకుని ఉంటారు. చెబుతాను. ముందు ఒక్కసారి ఆ గదిని చెవులతో గుర్తు తెచ్చుకోండి.

బీరువా తలుపు కిర్రుమనేది. తేదీ ముద్ర ఇంకు ప్యాడ్ మీద ఒక దెబ్బ, పుస్తకం మీద ఒక దెబ్బ. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా టిక్కుమనేది. నిఘంటువు కాగితానికి ఒక చప్పుడు, చందమామ కాగితానికి వేరే చప్పుడు, పేపరు మడత విప్పితే మరొకటి. వెనక బల్ల దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నవ్వు. కిటికీలోంచి రేవులో లాంచీ మోత.

నాకైతే అదొక కచేరీ. నవ్వకండి! 1952లో జాన్ కేజ్ అనే అమెరికన్ స్వరకర్త 4 నిమిషాల 33 సెకన్ల రచన చేశాడు. వాయిద్యకారుడు పియానో ముందు కూర్చుని ఒక్క స్వరమూ వాయించడు. ఆ సమయంలో వినబడే గాలీ, వానా, జనం గుసగుసలే సంగీతం. టికెట్ డబ్బు తిరిగి అడగాల్సిందే అన్నాడు మా బ్యాచ్ వాడొకడు. వాడూ మన లైబ్రరీలో చదువుకున్నవాడే.

అసలు లైబ్రరీ అంటే నిశ్శబ్దమే అని ఎవరన్నారు? మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివారు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన కాలంలో, చదువురాని వాళ్ల కోసం పత్రికలు పైకి చదివి వినిపించేవారు. లైబ్రరీ అంటే అప్పుడు నలుగురూ వినే చోటు కూడా.

ఇక కొలతలు. 1895లో హార్వర్డ్‌లో కొత్త లెక్చర్ హాలు కడితే, మాట ప్రతిధ్వనించి అర్థమయ్యేది కాదు. సబైన్ అనే యువ ఆచార్యుడు రాత్రుళ్లు పక్క థియేటరు నుంచి సీట్ల పరుపులు మోయించి, ఆర్గాన్ గొట్టం ఊది, చప్పుడు ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. మెత్తని వస్తువులు శబ్దాన్ని మింగుతాయి, గోడలూ గాజూ వెనక్కి కొడతాయి. నిండు పుస్తకాల అరలు కూడా మింగుతాయి. మన గది ప్రశాంతత సగం వాటి చలవే.

కమిటీవారి ప్లానులో టైల్స్, గాజు తలుపులు, ఏసీ, కంప్యూటర్లు ఉన్నాయి. పుస్తకాలు మేడ మీది స్టోరుకి. కంప్యూటర్లు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ పుస్తకాలు తీసి టైల్స్ వేస్తే, ముప్ఫైమంది పిల్లలు కూర్చోగానే ఆ గది బస్టాండ్ అవుతుంది. అరలు గోడల వెంబడే ఉంచండి. గోదారి వైపు కిటికీలు మూయకండి.

ఇంకొక మాట. మన బడిలో ఇప్పుడు నిర్వాసిత కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ల ఊళ్లలో ఇళ్లు కొలిచారు, చెట్లు లెక్కపెట్టారు, పరిహారం కట్టారు. ఆ కొలతల పని ఎలా ఉంటుందో మా వృత్తివాళ్లకి తెలుసు. కానీ ఏ ఊరి పొద్దుటి చప్పుడుకీ ఏ రిజిస్టరులోనూ గడి ఉండదు.

అందుకని కార్యదర్శి గారికి నా మనవి: పని మొదలుపెట్టేముందు ఒక శనివారం మధ్యాహ్నం గది తాళం ఇప్పించండి. రికార్డరు నేను తెస్తాను. పిల్లలు మామూలుగా చదువుకుంటూ ఉండాలి. మనవాళ్లు ఎవరైనా రావచ్చు, ఫోన్లు బయట పెట్టి. దయచేసి ఆలోగా ఆ ఫ్యాన్ మాత్రం బాగుచేయించకండి.