ఇల్లాలి ప్రాణానికి ఇన్సూరెన్స్ కట్టే లెక్క

(మౌలాలి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బండి ఇన్సూరెన్స్ గురించి మాట్లాడతానంటే ఇందాక ఒక పెద్దమ్మ "మాకు కార్లు లేవు కదమ్మా, మాకెందుకు?" అన్నారు. కారు మనకు లేకపోవచ్చు. మనల్ని గుద్దే కారుకి ఇన్సూరెన్స్ ఉంటుంది. నాచారం, మల్లాపూర్ వైపు పోయే లారీల మధ్య రోజూ రోడ్డు దాటేది మనమే.

ముందు కట్టే డబ్బు సంగతి. ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దాని రేటు కంపెనీ ఇష్టం కాదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో వెయ్యి సీసీ లోపు సొంత కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 75 నుంచి 150 సీసీ స్కూటరుకి 714. చూసేది ఇంజనునే. నడిపేది ఆడా మగా అని అడగరు. యూరప్‌లో అడిగేవారు, అమ్మాయిలకు రేటు తక్కువ వేసేవారు. అలా వేరు రేట్లు చెల్లవని 2011లో అక్కడి న్యాయస్థానం చెప్పింది. మనకు లాభమైన తేడాని కూడా వదులుకోవాలా అంటే, వదులుకోవాలనే నేనంటాను.

మన దగ్గర తీసుకునేటప్పుడు తేడా లేదు. ఇచ్చేటప్పుడు ఉంది.

మనిషి చనిపోతే పరిహారం ఆ మనిషి సంపాదన మీద, వయసు మీద కడతారు. మరి ఇల్లాలికి సంపాదన ఏది? 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన రెండో షెడ్యూలు, సంపాదన లేనివాళ్ళకి ఏడాదికి 15,000 రూపాయలంది. భార్య అయితే భర్త సంపాదనలో మూడో వంతు అంది. అంటే ఆఫీసరు భార్య వండిన అన్నానికి ఒక ధర, హమాలీ భార్య వండిన అన్నానికి ఇంకో ధర! 2019 సవరణతో ఆ షెడ్యూలు పోయింది. ఆ ఆలోచన పోయిందని మాత్రం నాకు నమ్మకం లేదు.

ఆ మూడో వంతయినా సరిగ్గా ఇచ్చారా? ఒక కేసులో ఆ లెక్కన 6 లక్షల పైచిలుకు వస్తుందని ట్రిబ్యునలే తేల్చి, మళ్ళీ తానే రెండున్నర లక్షలకి తగ్గించింది. హైకోర్టు కలగజేసుకోలేదు. 2010లో సుప్రీంకోర్టు 6 లక్షలు ఇప్పించింది. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ కింద రాశారని ఆ తీర్పులోనే జస్టిస్ గంగూలీ ఎత్తిచూపారు.

2021 జనవరి 5న ఇంకో తీర్పు వచ్చింది. అందులో మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ 2019 నాటి సర్వే లెక్క చూపించారు. ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు చేస్తుంటే మగవాళ్ళు చేసేది 97. ఇల్లాలి పనికి ఆదాయం లెక్కకట్టి తీరాలని ఆయన రాశారు.

తీర్పు ఢిల్లీలో ఉంది, కాగితాలు మన బస్తీలో రాస్తారు. ప్రమాదం జరిగిన ఇంటికి ముందు వెళ్ళేది మీరే. పోలీసు కాగితాల్లో "హౌస్ వైఫ్, ఏ పనీ లేదు" అని రాస్తుంటే ఆపండి. ఏడుపులో ఉన్న ఇంటివాళ్ళు అడిగినదానికల్లా తలూపుతారు. ఆమె మిషన్ కుట్టేదా, మిర్చి బజ్జీలు వేసేదా, మంచాన పడ్డ అత్తని చూసుకునేదా, పిల్లలెందరు, అన్నీ చెప్పించి రాయించండి. పక్కింటివాళ్ళ సాక్ష్యం పెట్టించండి. కేసు మనముండే ప్రాంతం ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఆరు నెలల గడువు పెట్టింది, పెద్దకర్మ అయ్యాక చూద్దామని వాయిదా మీద వాయిదా వేయనివ్వకండి.