తెలియని గళ్లు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

ప్రతి సంవత్సరమును ఈ వేదికపై నేను ఉత్తీర్ణతను గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో మాటలాడుట పరిపాటి. ఈ సంవత్సరము ఒక ఆటను గూర్చి మాటలాడ దలచితిని. ఆశ్చర్యపడకుడు. నా చదువు మన బడులలోనికి కంప్యూటరు రాకపూర్వపు చదువు. నేను చెప్పబోవునది యంతయు ఈ బడి పిల్లలవద్ద నేర్చుకొన్నదే.

గడచిన సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షల తరువాత తొమ్మిదవ తరగతి విద్యార్థి తండ్రిగారొకరు నా గదికి వచ్చిరి. "సార్, మావాడికి చదువు మీద ధ్యాస లేదు. రాత్రి పదకొండయినా కంప్యూటరు ముందే కూర్చుంటాడు. వచ్చే యేడు ఇంగ్లీషు బడికి మారుద్దామనుకుంటున్నాం. అక్కడైనా బాగుపడతాడేమో" అనిరి. నేను మార్కుల పుస్తకము తెరచి చూచితిని. గణితమున కుఱ్ఱవాడు అత్తెసరు మార్కులతో గట్టెక్కినాడు. "మీరు చెప్పినది నిజమేనండీ" అని నేనును తల ఊపితిని. ఆ తల ఊపుటయే నేటి నా ప్రసంగమునకు కారణము.

మరునాడు ఆ బాలుని పిలిచి, ఆట యేమిటో చూపుమంటిని. దాని పేరు ఫ్రీసివ్. 1991లో అమెరికాలో సిడ్ మైయర్ అనునాయన 'సివిలిజేషన్' అను ఆటను వెలువరించెను. ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి, ఊళ్లు కట్టి, విద్యలు నేర్చి, రాజ్యమును పెంచుట అందలి పని. దానిని చూచి డెన్మార్కు దేశమున ఆర్హుస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు తమంత తాము వ్రాసి 1996లో లోకమునకు ఉచితముగా ఇచ్చినదే ఫ్రీసివ్. దాని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును.

ఆట మొదట తెర యంతయు చీకటి. మన మనుష్యులు నిలిచిన చోటను, దాని చుట్టును ఉన్న కొన్ని గళ్లు మాత్రమే కనబడును. అన్వేషకుని ఒక్కొక్క గడియే నడిపించినకొలది నదులు, కొండలు, అడవులు బయటపడును. ఆ బాలుడు ఒక మీట నొక్కి చేతులు కట్టుకొని కూర్చుండెను. అన్వేషకుడు తనంత తానే తిరుగసాగెను. "ఆటో ఎక్స్‌ప్లోర్ సార్. ఇక మనం చూడక్కర్లేదు" అనెను. "ఎటు పోవలెనో దానికెట్లు తెలియును?" అని అడిగితిని. బాలుడు చాలసేపు ఆలోచించి, "తెలీదు సార్" అనెను.

ఆ "తెలీదు" నాకు మిక్కిలి నచ్చినది. అతనిని, మరి ముగ్గురు పిల్లలను కూర్చుండబెట్టి గళ్ల కాగితములు ఇచ్చి, "ఆ అన్వేషకునికి నియమములు మీరే వ్రాయుడు. తెలుగులో వ్రాయుడు. అయిదవ తరగతి పిల్లవాడు చదివి, అట్లే నడిపింప గలిగి యుండవలెను" అంటిని.

వారు వ్రాసిన మొదటి నియమము: 'అన్నిటికంటె దగ్గరనున్న తెలియని గడికి పొమ్ము.' తెలిసిన నేలకును తెలియని నేలకును నడుమనున్న అంచునకు పోవుటయే ఇది. యంత్రములు తమంత తాము తిరిగి పటము గీయుటకు బ్రయన్ యమౌచి అను శాస్త్రజ్ఞుడు 1997లో ప్రకటించిన పద్ధతికిని ఈ అంచే ఆధారము. కాని కాగితముపై నడిపి చూడగా మన అన్వేషకుడు ఎంగిలి మెతుకులు ఏరువాని వలె ఇక్కడొక గడి, అక్కడొక గడి చూచుచు కాలము గడిపెను. ఊరు కట్టదగిన నదీతీరము ఆవల చీకటిలోనే మిగిలిపోయెను.

అందుచే రెండవ నియమము వ్రాసిరి: 'ఎన్ని కొత్త గళ్లు కనబడునో లెక్కించి, ఎన్ని అడుగులు నడువవలెనో దానితో భాగింపుము. ఎక్కువ వచ్చిన వైపు పొమ్ము.' కుడివైపు 2 అడుగులకు 3 గళ్లు, అనగా అడుగునకు 1.5. ఎడమవైపు 6 అడుగులకు దారి పొడవున 15 గళ్లు, అనగా 2.5. కావున ఎడమకు పోవలెను. ఈ భాగహారమును చేసినవాడు గణితములో గట్టెక్కినాడని నేను తల ఊపిన ఆ బాలుడే! అంతటితో ఆగక, "సార్, ఆ మూడు గళ్లూ వదిలేసి పోతే మళ్లీ వాటి కోసమే ఆరడుగులు వెనక్కి రావాలి కదా. చిన్న మూలని ఇప్పుడే చూసేస్తే మేలు" అనెను. విడిచిపోవు దానికిని ఒక వెల కట్టవలెనని అతనికి ఎవరును చెప్పలేదు.

మూడవ నియమము అపాయమును గూర్చినది. శత్రువు కనబడినచో ఆగి, ఆడువానికి తెలుపవలెను. పాత సివిలిజేషన్ ఆటలో చిన్న ఓడ తీరము విడిచి దూరమున ఆగినచో మునిగిపోవచ్చును. కావున ఓడకు వేరు నియమము కావలెను. చేరదగిన గడి యొక్కటియు మిగులనప్పుడు ఊరక తిరుగక 'నా పని ముగిసినది' అని చెప్పుట నాలుగవ నియమము.

అయిదవదానిని ఒక బాలిక వ్రాసెను. ఆటలోని దేశము యొక్క పూర్తి పటము కంప్యూటరు లోపల మొదటినుండియు ఉండనే ఉన్నది. మన కన్నులకు మాత్రమే అది చీకటి. నియమములు వ్రాయువాడు ఆ పటమును తొంగిచూచి, అన్వేషకుని నేరుగా మంచి చోటికి పంపవచ్చును. 'అట్లు చూడరాదు. అన్వేషకునికి కనబడినది మాత్రమే అతనికి తెలిసినట్లు లెక్క' అని ఆమె వ్రాసెను. జవాబుల పుట ముందే చూచి లెక్క చేయువారికి ఇంతకంటె చక్కని హితవు నేను చెప్పలేను.

ఇక ఆటలోని మరియొక సంగతి. గళ్లు రెండు విధములు కావు, మూడు విధములు: ఎన్నడును చూడనివి, ఇప్పుడు చూచుచున్నవి, ఒకప్పుడు చూచి విడిచినవి. ఈ మూడవ విధమువి పటముపై మసకగా నుండును. అక్కడి కొండ కొండగానే యుండును గాని, మనము చూచి వచ్చిన తరువాత ఎవరు వచ్చిరో, ఏ ఊరు వెలసినదో తెలియదు. చీకటి గడిని చూచి ఎవడును మోసపోడు. మసక గడియే మోసగించును. తెలిసినదను భ్రమ అక్కడనే యున్నది.

మన బెంగుళూరు ఈ విషయమున పేరు గడించిన ఊరు. విలియం లాంబ్టన్ 1800లో ఈ ఊరి సమీపమున 7 మైళ్లకు పైబడిన ఆధార రేఖను గొలుసుతో కొలిచెను. 1802లో మద్రాసునందు మరియొక రేఖను కొలిచి, అక్కడినుండి త్రిభుజముల లెక్కతో బెంగుళూరు వరకు వచ్చెను. లెక్క కుదిరినదని తృప్తి పడక, 1804లో ఇక్కడ మరల నేలపై కొలిపించి సరిచూచెను. ఆ రెంటికిని తేడా 4 అంగుళములకు లోపు. తన లెక్కను నేలతో సరిచూచుకొనవలెనన్న బుద్ధియే ఆయన గొప్పతనము.

మొన్న మొన్నటి సంగతి చూడుడు. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రునిపై దిగినది. దానినుండి వెలువడిన ప్రజ్ఞాన్ బండి, ఆగస్టు 27వ తేదీన తనకు 3 మీటర్ల దూరమున 4 మీటర్ల వ్యాసముగల గుంటను ఎదుర్కొన్నది. వచ్చిన దారినే వెనుకకు మరలుమని దానికి ఆజ్ఞ పంపిరి. అది కొద్ది మీటర్లు నడచుట, ముందున్న నేల చిత్రములను పంపుట, వాటిని చూచి ఇక్కడివారు దారి నిర్ణయించుట, ఇట్లు అంచెలంచెలుగా నడిచినది. యంత్రమును పంపినవారు చేతులు కట్టుకొని కూర్చుండలేదని మన పిల్లలు గ్రహింపవలెను.

తల్లిదండ్రులారా! నా గదిలో ఆ దినమున జరిగినదేమి? ఆ తండ్రిగారి మనస్సులోని కుమారుడు ఒకప్పటి కుమారుడు. నా మార్కుల పుస్తకములోని బాలుడు ఒక పరీక్షనాటి బాలుడు. ఇరువురమును మసక గడినే చూచి తీర్పు చెప్పితిమి. నేను ఉపాధ్యాయుడను. నా తప్పు పెద్దది.

నెల దినముల తరువాత వారిని మరల పిలిపించి, కుమారుని నోటుపుస్తకమును చేతికిచ్చితిని. పదునాలుగు పుటలు. అందు గళ్ల బొమ్మలు, భాగహారములు, కొట్టివేసిన నియమములు, ఏల కొట్టివేసెనో తెలిపెడి వాక్యములు. అన్నియు తెలుగులో. ఆయన నిలువబడియే చదివిరి. "వీడు ఇంట్లో ఇవేవీ చెప్పలేదు సార్" అనిరి. "మనము అడిగితిమా?" అంటిని. ఆయన నవ్విరి గాని, ఆ నవ్వు తేలికగా రాలేదు. బడి మార్చుటయో మానుటయో వారి యిష్టము. ఆ విషయమున నేను ఒక్క మాటయు చెప్పలేదు. కుఱ్ఱవాడు ఇప్పుడు పదవ తరగతిలో, ఈ సభలోనే మూడవ వరుసలో నున్నాడు.

ఆటలు మంచివని నేను తీర్పు చెప్పుట లేదు. రాత్రి పదకొండు గంటల వరకు ఏ ఆటయు మంచిది కాదు. నేను కోరునది స్వల్పము. బిడ్డ చేతిలోని కంప్యూటరును లాగికొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి, ఇంటి మాటలో ఒక్క ప్రశ్న అడుగుడు: "అది ఎటు పోతోందిరా? ఎందుకు అటే పోతోంది?" ఈ ఊరిలో కన్నడమును, ఇంగ్లీషును మన పిల్లలు నేర్చుకొనియే తీరవలెను, నేర్చుకొనుచున్నారు. కాని "ఎందుకు" అను ప్రశ్నకు తడబడక, తెలియనిచో "తెలీదు" అని సిగ్గుపడక చెప్పగల భాష మొదట ఇంటిలోనే దొరకును.

మన బిడ్డలను మనము ఒకప్పుడు చూచి విడిచిన గళ్లవలె గాక, దినదినమును మరల చూచెదము గాక.