కాక్‌పిట్ దిగిన తరువాత
(యువతకు ఏర్పాటైన వృత్తి మార్గదర్శక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పైలట్ కావడమెలాగో పిల్లలకు చెప్పమని మమ్మల్నిద్దరినీ ఆహ్వానించారు. అయితే మేమిద్దరమూ ఇప్పుడు విమానం నడపడం లేదు. మాలో ఒకరు ఇష్టపడి, మరొకరు వైద్య పరీక్షలో అనర్హులై, విమాన భద్రతా నిర్వహణ విభాగంలోకి వచ్చాము. పైలట్‌కు లైసెన్సు ఒక్కటే చాలదు. వైద్య ధ్రువపత్రాన్ని గడువు తీరకముందే పునరుద్ధరించుకుంటూ ఉండాలి. అది ఆగిపోతే యూనిఫాం పెట్టెలోకి పోతుంది, శిక్షణకు చేసిన అప్పు మాత్రం మిగులుతుంది. అలా నేలకు దిగినప్పుడు మాలో ఒకరి తల్లి ఆరు నెలల పాటు ఇరుగుపొరుగుకు ‘సెలవులో ఉన్నాడు’ అని చెప్పుకొచ్చింది. భద్రతా విభాగమంటే ఓడినవారు కూర్చునే చోటని మేమూ అనుకున్నాము.

ఆ అభిప్రాయాన్ని మార్చినది మంగళూరు ప్రమాద విచారణ నివేదిక. 2010 మే 22న దుబాయి నుండి వచ్చిన బోయింగ్ విమానం కొండపైనున్న రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. గల్ఫ్‌లో కష్టపడి ఇంటికి వస్తున్నవారు వారిలో ఎందరో. విమానం ఉండవలసిన దానికంటే ఎత్తులో, ఎక్కువ వేగంతో దిగుతున్నదని సహ పైలట్ గ్రహించాడు. దిగవద్దు, మళ్లీ పైకి లేపుదామని మూడుసార్లు హెచ్చరించాడు. కెప్టెన్ వినలేదు.

అది చదివినప్పుడు మాలో ఒకరికి తన తొలినాళ్లు గుర్తుకు వచ్చాయి. ఒక రాత్రి కెప్టెన్ మితిమీరిన వేగంతో దిగుతుంటే తాను నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం, పైగా తన పేరు చూసి ముందే ఏదో అనుకుంటారేమోనన్న బెరుకు. గొడవపడే మనిషన్న మాట పడకూడదనుకున్నాడు. రన్‌వే పొడవుగా ఉండబట్టి బండి ఆగింది. ఎవరూ దానిని కాగితం మీద పెట్టలేదు.

అలాంటి రాత్రులను కాగితం మీదికి తేవడమే ఇప్పుడు మా పని. విమానంలో నమోదైన వేగం, ఎత్తు వివరాలు పరిశీలిస్తాము. పైలట్లు, ఇంజనీర్లు, సామాన్లు ఎక్కించే కుర్రవాళ్లు పంపే నివేదికలు చదువుతాము. నిజాయితీగా చెప్పిన పొరపాటుకు శిక్ష వేయరాదు. తెలిసి చేసిన నిర్లక్ష్యాన్ని విడిచిపెట్టరాదు. ఈ రెంటి మధ్య గీత గీయడమే కష్టం. నివేదికలు తగ్గిపోతే మేము సంతోషించము, భయపడతాము. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2013లో భద్రతా నిర్వహణ కోసమే 19వ అనుబంధాన్ని ఆమోదించింది. మన దేశంలో విమానయాన సంస్థ భద్రతా విభాగాధిపతి నియామకానికి డీజీసీఏ ఆమోదం ఉండాలి. అంటే ఇది మూలన కూర్చునే ఉద్యోగం కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ విభాగంలోకి పైలట్లే రానక్కరలేదు. విమాన నిర్వహణ ఇంజనీర్లు, ట్రాఫిక్ కంట్రోలర్లు కూడా వస్తారు. పైలట్ శిక్షణకు ఇల్లు తాకట్టు పెట్టే ముందు పిల్లవాడికో, అమ్మాయికో పూర్తి వైద్య పరీక్ష చేయించండి. ఎగురుతున్న రోజుల్లోనే ప్రమాద విచారణ, మానవ తప్పిదాల అధ్యయనం వంటి కోర్సులు చేసి ఉంచుకోమనండి. మేము ఆ పని ఆలస్యంగా చేశాము.

ఇక ప్రశ్నలు అడగవచ్చు. వెనుక వరుసలోని అమ్మాయిలు ముందు అడగాలి.