ఆవు మోకాలు ఎక్కడుంది?



ఎదురుగా కూర్చున్నవాళ్లను చూస్తుంటే ముచ్చటేస్తోంది. గేట్లు, గ్రిల్స్ చేసే మేస్త్రీలున్నారు. కియా షిఫ్టు దిగి నేరుగా ఇటు వచ్చిన పిల్లలున్నారు. ధర్మవరం నుంచి చీరల డిజైన్లు గీసేవాళ్లు, డ్రాయింగు టీచర్లు కూడా ఉన్నారు. ఇనుప ముక్కలు అతికి జంతువుల బొమ్మలు చేయడం మీద ఇంతమందికి మనసుందని తెలిస్తే, రేపటి నుంచి హిందూపురం గుజరీ అంగళ్లలో కిలో రేటు పెంచేస్తారేమో!

"ఈ వయసులో వెల్డింగేంది సార్" అని అడిగేవాళ్లకు నేను హులియో గొంజాలెజ్ సంగతి చెప్తుంటాను. బార్సిలోనాలో లోహపు పనివాళ్ల ఇంట పుట్టాడు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, పారిస్ పక్కనున్న రెనో ఫ్యాక్టరీలో పనికి కుదిరి గ్యాస్ వెల్డింగు నేర్చుకున్నాడు. అప్పటికే ఆయనకు నలభై దాటాయి. పదేళ్లు గడిచాక, ఇనుముతో బొమ్మలు చేయాలని పికాసోకు బుద్ధి పుట్టినప్పుడు పక్కన నిలబడి అతుకు పని చేసిపెట్టిందీ, నేర్పిందీ ఈయనే. అంటే పికాసోకు వెల్డింగు గురువు కార్ల ఫ్యాక్టరీలోంచి వచ్చాడు. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మనకూ ఒక గొంజాలెజ్ దొరక్కపోడు.

కాకపోతే ఇక్కడో మెలిక ఉంది. కార్ల బాడీ షాపులో రోబోలు ఎక్కువగా చేసేది స్పాట్ వెల్డింగు. రెండు రేకుల్ని రెండు రాగి మొనల మధ్య నొక్కిపట్టి కరెంటు వదిలితే ఆ చుక్క దగ్గర రేకులు కరిగి అతుక్కుంటాయి. రాడ్డూ ఉండదు, చెయ్యి వణకడమూ ఉండదు. అది ఎంతసేపు చూసినా మన పని రాదు. మనకు కావలసింది చేత్తో చేసే ఆర్క్ వెల్డింగు. దానికి మన వీధిలో గేట్లు చేసే షాపును మించిన బడి లేదు. ఖాళీగా ఉన్న పూట పోయి మేస్త్రీని మర్యాదగా అడగండి. మొదట చిప్పింగ్ సుత్తి చేతికిచ్చి స్లాగు కొట్టమంటాడు. నామోషీ పడొద్దు. ఆ నల్ల పెంకు ఊడినప్పుడే అతుకు ఎట్లా పడిందో కంటికి తెలుస్తుంది.

తర్వాత హోల్డరు చేతికొస్తుంది. 2.5 ఎంఎం రాడ్డు, మెషిను మీద 70 నుంచి 90 ఆంపియర్లు, మందపాటి పట్టీ ముక్క ఒకటి చాలు. అగ్గిపుల్ల గీసినట్టు గీస్తే ఆర్కు పుడుతుంది. రాడ్డు మొనకూ ఇనుముకూ మధ్య రాడ్డు మందమంత ఎడం ఉండాలి. దగ్గరైతే అంటుకుపోతుంది, దూరమైతే చిటపటలాడి చుట్టూ గింజలు చల్లుతుంది. కొత్తవాళ్లు ఆ వెలుగునే చూస్తూ ఉండిపోతారు. మేస్త్రీ కన్ను మాత్రం వెలుగు వెనకాల కరిగిన చిన్న మడుగు మీద ఉంటుంది. ఆ మడుగును లాక్కుంటూ పోవడమే పనంతా. చెవి కూడా సాయం చేస్తుంది. నూనెలో ఏదో వేగుతున్నట్టు ఒకే తీరుగా చప్పుడు వస్తోందంటే అతుకు బాగా పడుతున్నట్టే.

రాడ్డు అంటించే ముందు మేస్త్రీ "సార్, కండ్లు!" అని కేకేస్తాడు. అది ఊరికే వేసే కేక కాదు. ఆర్కు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పై పొరను కాలుస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలీదు. రాత్రి పడుకున్నాక కండ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఆలుగడ్డ చక్రాలు పెట్టుకోమని చెప్పేవాళ్లు ప్రతి షాపులో ఉంటారు. ఆలుగడ్డను కూరకు వదిలేసి కంటి డాక్టరు దగ్గరికి పోండి. 10 లేదా 11 నంబరు అద్దమున్న హెల్మెట్ లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. జాతరలో కొన్న నల్ల కళ్లజోడు దీనికి పనికిరాదు. జీఐ పైపుల మీద జింకు పూత ఉంటుంది. దాని పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఇంకొకటి: పాత బండి పెట్రోలు ట్యాంకు చూడగానే గుర్రం పొట్టలాగా, ఎద్దు మూపురంలాగా కనిపించి చెయ్యి లాగుతుంది. ఎన్నేళ్లుగా ఖాళీగా పడి ఉన్నా లోపల ఆవిరి ఉంటుంది, మంట తగిలితే పేలుతుంది. దాని జోలికి పోవద్దు.

ఇంతవరకూ పని. మూడు నాలుగు నెలలు చెమటోడిస్తే ఎవరికైనా వస్తుంది. జంతువు మాత్రం అంత సులువుగా రాదు. ఈరోజు నేను చెప్పాలని వచ్చిన మాట కూడా ఇదే.

ఆవు వెనక కాలి మోకాలు ఎక్కడుంటుందో చెప్పండి. కాలు నడుమ వెనక్కి మడిచినట్టున్న కీలును చూపిస్తున్నారు కొందరు. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన చర్మంలో దాక్కుని ఉంది. ముందు కాలికి మనం మోకాలు అనేది మన లెక్కలో మణికట్టు. ఆవూ, మేకా, గుర్రమూ అన్నీ వేళ్ల కొసల మీద నిలబడే జంతువులే. చిన్నప్పటి నుంచి పాడి ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లం, అయినా మనలో చాలామందిమి దీన్ని ఎప్పుడూ సరిగా చూడలేదు. ఈ కీలు నాలుగు వేళ్లు కిందికో పైకో జరిగితే, మీరు ఎన్ని వేల నట్లు అతికించినా అది ఆవు కాదు, నాలుగు కాళ్ల స్టూలు.

అందుకని ముందు 8 ఎంఎం కడ్డీతో ఎముకలు కట్టండి. వెన్ను, భుజం, తుంటి, నాలుగు కాళ్లు. అన్నీ ట్యాకులే, అంటే చిన్న చుక్క అతుకులే వేయండి, పూర్తి అతుకు వద్దు. నేల మీద నిలబెట్టి చుట్టూ తిరగండి. ఏ కాలి మీద బరువుందో తెలుస్తోందా? తెలియకపోతే ట్యాకు కోసి మళ్లీ పెట్టండి. నచ్చాక కూడా ఒక పక్కే అతుకు లాగించొద్దు. వేడి ఇనుము చల్లారుతూ ముడుచుకుంటుంది, మెడను తన వైపు లాగేస్తుంది. ఇటు కొంచెం, అటు కొంచెం వేసుకుంటూ పోవాలి.

చూడటం నేర్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. అందరూ 27 అడుగుల పొడవున్న నంది ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. నందికి అతుకే లేదు, ఒకే రాయి. మన బొమ్మలో అతుకులు తప్ప ఇంకేమీ లేవు. అయినా ఆ ఎత్తిన తల బరువు భుజాల్లోకి ఎట్లా దిగిందో చూడండి. గంటలూ హారాలూ తర్వాత. అక్కడి గుడిలో ఒక ఒంటికి మూడు తలలున్న ఆవు చెక్కడం ఉంది. ఏ రెండు తలలు చేత్తో మూసినా, మిగిలిన తల ఆ ఒంటికి అచ్చంగా అమరుతుంది. మెడ ఎక్కడ మొదలవుతుందో ఆ శిల్పికి అంత ఖాయంగా తెలుసు. నా మటుకు నాకు పెద్ద నంది కంటే ఆ చిన్న ఆవే పెద్ద మేస్త్రీ.

ఇక ధర్మవరం పక్కన నిమ్మలకుంట. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల్లో కీలుకో దారం ముడి, తోలు నిండా వెలుగు కోసం పొడిచిన చిల్లులు. ఆ చిల్లులే నగలవుతాయి, పూలవుతాయి. మనవాళ్లు మాత్రం ఖాళీ కనబడితే భయపడి ఒక నట్టు అతికిస్తారు. నింపకుండా వదిలేయండి, గాలి ఆడనివ్వండి. తెనాలిలో సూర్య శిల్పశాలవాళ్లు 75,000 నట్లతో పదడుగుల గాంధీ విగ్రహం చేశారు. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే, కాకపోతే అది పెద్ద శిల్పశాలలో జరిగే పని. ఆదివారం పూట పెరట్లో పని చేసుకునే మనకు పికాసో 1942లో చేసిన ఎద్దు తల దగ్గరి దారి. సైకిల్ సీటు ఒకటి, హ్యాండిల్ ఒకటి, అంతే.

మన దగ్గర సైకిళ్ల కంటే మంచి సరుకే ఉంది. అరిగిన మడక కర్రు చూస్తే కొంగ ముక్కే. కొడవళ్లు కోడిపుంజు తోకకు వస్తాయి. గుంటక పార ఎద్దు వెన్నుకు సరిపోతుంది. ధర్మవరంలో మూలపడిన మరమగ్గాల పండ్ల చక్రాలు కూడా గుజరీకే చేరుతుంటాయి. లారీ కట్టల పట్టీలతో మాత్రం జాగ్రత్త. అది కార్బన్ ఎక్కువున్న స్ప్రింగు ఉక్కు. మామూలుగా అతికితే బాగానే ఉన్నట్టుంటుంది, చల్లారేటప్పుడు 'టిక్' మని పగులుతుంది. బేరింగు గుండ్లదీ ఇదే గుణం. ముందు వేడిచేసి, అతికాక పొడి బూడిదలో పూడ్చి నిదానంగా చల్లారనివ్వాలి. పోత ఇనుమైతే మొదటి ఏడాది దాని ముఖమే చూడొద్దు.

మాటలు చాలు. బయట మెషిను సిద్ధంగా ఉంది, హెల్మెట్లు నాలుగున్నాయి. నూలు చొక్కా వేసుకుని, కాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు ఉన్నవాళ్లు వరుసగా రండి. పాలిస్టరు చొక్కాలతో వచ్చిన అన్నలు ఈరోజుకు స్లాగు కొట్టండి.