రాజర్షి – విసర్జన

నవలను నాటకముగా మార్చుటయనగా కేవలము సంగ్రహించుట కాదు. ఇందుకు రవీంద్రనాథ ఠాకూరు రచనలే తార్కాణము. త్రిపుర రాజగాథ నాధారముగా గొని ఆయన వంగభాషలో రచించిన ‘రాజర్షి’ నవల 1887లో గ్రంథరూపమున వెలువడెను. దాని పూర్వభాగమునుండి 1890లో ‘విసర్జన’ నాటకము రూపొందెను.

నవలలో ఆలయసోపానములపై రక్తమును గాంచి ప్రశ్నించునది హాసి యను పసిపాప. ఆ బాలిక జ్వరమున మరణించును. ఆమె ప్రశ్న గోవిందమాణిక్య మహారాజు హృదయమున నిలిచి, జంతుబలిని నిషేధింపజేయును. నేడు ప్రచారమున నున్న నాటకపాఠమున హాసి లేదు. తాను పెంచుకొన్న మేకపిల్లను బలికై కొనిపోయిరని భిక్షుకియైన అపర్ణ రాజునకు మొరపెట్టుకొనును. పసిపాప విస్మయము ఇచట బాధితురాలి అభియోగమైనది. రంగస్థలమునకు సంఘర్షణము ప్రాణము గదా!

రాజరక్తము తెత్తునని గురువునకు మాట యిచ్చిన జయసింహుడు తన రక్తమునే దేవి కర్పించును. అటు పిమ్మటను నవల చాలదూరము సాగి, రాజ్యము విడిచిన రాజు జీవితమును ఓపికతో అనుసరించును. నాటకమో, పుత్రునివలె పెంచిన శిష్యుని గోల్పోయిన పూజారి రఘుపతి దేవీవిగ్రహమును విసర్జించుటతో పరాకాష్ఠ నందును.

పరుల రక్తమునకు చలించిన రాజు నవలకు నాయకుడు. తనవాని రక్తము చిందినగాని కనులు తెరువని పూజారి వేదన నాటకమునకు జీవము. కావున ‘విసర్జన’ను చూచి మెచ్చినవారు ‘రాజర్షి’ని చదువక మానరాదు. హాసి ప్రశ్న అందే కలదు.